కుడిచేతి ఫీతీలు

నేను దర్జీని. అయితే నందిగామ బస్టాండు చుట్టూ లాగూలు కుట్టుకుని బతికే దర్జీల్లాంటివాణ్ని కాదు. గొప్పకోసం అనడం లేదు, గొప్పలు చెప్పుకునే రోజులు ఎప్పుడో పోయాయి. పద్దెనిమిదేళ్లు పటాలంలో కత్తెర పట్టాను. మా రెజిమెంటులో ఏ జవాను పరేడుకు నిలబడ్డా వాడి టోపీ మీద బిళ్ల, భుజం మీద అక్షరాలు, చేతి మీద ఫీతీ ఈ ఏసుపాదం చేతి గుండా వెళ్లవలసిందే. నూలుపోగంత వంకర కనిపించినా విప్పి మళ్లీ కుట్టేవాణ్ని. అలాంటి నా దగ్గరికి రోజూ మధ్యాహ్నం మూడు గంటలకు చచ్చిపోయినవాడొకడు వచ్చి, కుడిచెయ్యి చాపి నిలబడతాడు.

దయ్యాలున్నాయా అని మా పాస్టరుగారిని అడిగాను. లేవన్నారు. సరే, లేవు. కానీ వాడు వస్తాడు.

వాడి పేరు జీవరత్నం. చిల్లకల్లు పక్కన పల్లె. తండ్రి ప్రేమదాసు వీరరాఘవయ్యగారి పొలంలో పాలేరు. తల్లి ఆదెమ్మ నాకు వరసకు చెల్లెలు, కాబట్టి జీవరత్నం నన్ను మావయ్యా అని పిలిచేవాడు. వాణ్ని పటాలంలో చేరమని ఎగదోసింది కూడా నేనే. కూడూ గుడ్డా ఉంటుంది, నలుగురూ చూసే తీరు మారుతుంది అన్నాను. ఆ రెండో మాటే వాడు బాగా పట్టుకున్నాడు.

అరవై రెండో సంవత్సరం వానలు వెనకబట్టాక సెలవు మీద వచ్చాడు. షాపులో ఎవరూ లేని వేళ చూసి లోపలికి వచ్చి, సంచిలోంచి తన పరేడు కోటు తీసి బల్ల మీద పరిచాడు. మందపాటి ఉన్ని కోటు. దాని చేతుల మీద ఏ గుర్తూ లేదు.

"మావయ్యా, దీనికి రెండు ఫీతీలు కుట్టాలి," అన్నాడు.

ఫీతీ అంటే చేతి మీద కుట్టే మొనదేలిన చార. ఒకటుంటే లాన్స్ నాయక్, రెండుంటే నాయక్, మూడుంటే హవల్దారు. ఏదీ లేకపోతే ఉట్టి సిపాయి.

"నాయక్ అయ్యావట్రా!" అని లేచి వీపు తట్టబోయాను.

"కాలా."

"మరి?"

"ఎండాకాలంలో ఇంటికి ఉత్తరం రాశా, పరీక్ష పాసైతే నాయక్‌ని చేస్తారని. నాన్న అయిపోయానని ఊరంతా చెప్పేశాడు. నేను పరీక్ష తప్పా."

కాకిపిల్ల కాకికి ముద్దు. ప్రేమదాసు అలా చెప్పుకున్నాడంటే నాకు నవ్వొచ్చింది. "తప్పితే తప్పానని చెప్పు. కన్నతండ్రేగా, ఉరితీస్తాడా?" అన్నాను.

వాడు నవ్వలేదు. "వీరరాఘవయ్యగారు నాన్నని అరుగు మీద కూర్చోమన్నారంట మావయ్యా. నాయక్ తండ్రివి, ఇంకా కిందేం కూర్చుంటావురా అన్నారంట. ముప్పయ్యేళ్ల నించి ఆ అరుగు కింద నేల మీదే కూర్చున్నాడు. ఇప్పుడు రోజూ పొద్దున్నే తలపాగా చుట్టుకుని పోయి, కాసేపు అరుగు మీద కూర్చుని, అప్పుడు పొలానికి పోతన్నాడు. ఆయన్ని మళ్లీ ఎట్టా దించమంటావ్?"

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పలేను. రాని ఫీతీ తగిలించుకుంటే పటాలంలో ఏం శిక్ష పడుతుందో కేకలేసి మరీ చెప్పాను. వాడు అంతా విన్నాడు.

"ఒక ఫోటో, ఒక ఆదివారం గుడి, ఒకసారి ఆ అరుగు దగ్గరికి. అంతే మావయ్యా. ఎల్లేముందు రోజు నీకు తెచ్చిస్తా, విప్పేద్దువుగాని," అన్నాడు.

ఒప్పుకున్నాను. జాలిపడి ఒప్పుకున్నానని అనుకోకండి. జాలి సగమే. మిగతా సగం నా చేతుల దురద. పటాలం నుంచి వచ్చి తొమ్మిదేళ్లయింది. లాగూలకు బొందులు, చొక్కాలకు కాజాలు కుట్టి కుట్టి నా చేతుల మీద నాకే అసహ్యం పుట్టిన రోజులవి. నా ట్రంకుపెట్టె అడుగున నావే ఒక జత నాయక్ ఫీతీలు ఉన్నాయి. అవి బయటికి తీస్తుంటే చేతులు పెళ్లికి పోతున్నట్టు ఉత్సాహపడ్డాయి.

తెలియనివాడు కోటును బల్ల మీద పరిచి కొలుస్తాడు. అది తప్పు. లోపల మనిషి ఉంటే చెయ్యి గుడ్డను తన వైపు లాక్కుంటుంది, బల్ల మీద తిన్నగా ఉన్న ఫీతీ మనిషి మీదికి ఎక్కాక పక్కకు తిరుగుతుంది. అందుకని జీవరత్నానికి కోటు తొడిగి, కుడిచెయ్యి చాపమన్నాను. తర్వాత మోచెయ్యి మడవమన్నాను. మళ్లీ చాపమన్నాను. భుజానికీ మోచేతికీ మధ్య సుద్దతో గీత పెట్టాను. మొనలు కిందికి చూడాలి. ఇస్త్రీ మడత రెండు మొనల నడుమగా దిగాలి. గుడ్డ రంగు దారమే తీసుకుని, కుట్టంతా లోపలి నుంచి వేశాను. పైకి ఒక్క పోగు కనిపిస్తే ఒట్టు.

మిలట్రీ పోలీసు భూతద్దం పెట్టి చూసినా తప్పు పట్టలేడు, అలా కుదిరింది. నేను చేసిన పాపం అదే. కాస్త వంకరగా, కాస్త మోటుగా కుట్టి ఉంటే ఎన్ని జరగకుండా పోయేవో.

జగ్గయ్యపేటలో ఫోటో తీయించుకున్నాడు. ఆదివారం గుడికి వేసుకుని వెళ్లాడు. ప్రేమదాసు కొడుకుని వెంటబెట్టుకుని వీరరాఘవయ్యగారి ఇంటికి వెళితే, ఆయన ఇద్దర్నీ అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించారట. ఇంకో పది రోజుల్లో ఆ ఫీతీలు విప్పడమే మిగిలింది. ఇంతలో టెలిగ్రాం వచ్చింది. సరిహద్దులో గొడవగా ఉంది, సెలవు రద్దు, వెంటనే బయలుదేరమని.

మర్నాడు పొద్దున బెజవాడ బస్సు నందిగామలో ఆగింది. కొడుకుని రైలెక్కించడానికి తోడుగా వచ్చిన ప్రేమదాసు దిగి టీ కొట్టు దగ్గర నిలబడ్డాడు. ఆ సందులో జీవరత్నం పరుగెత్తుకుంటూ నా షాపులోకి వచ్చాడు.

"మావయ్యా, ఇక్కడ దిగే సందు దొరుకుతుందో లేదోనని కోటు ఇంటో వదిలేశా. నువ్వెల్లి ఏదో వంక చెప్పి తెచ్చుకుని, విప్పేసి నాకు పార్సిల్ చెయ్యి."

"రైల్లో విప్పుకోరాదట్రా?"

"బెజవాడ నించి మా యూనిట్ వాళ్లు ముగ్గురు నాతోనే వస్తన్నారు. అయినా నీ కుట్టు నాకు దొరకలా మావయ్యా. తెల్లారగట్ట బ్లేడు పెట్టి చూశా. దారం కనపళ్లా, గుడ్డే తెగేట్టుంది. కోటు చింపుకునిపోతే అదొక నేరం. నువ్వే విప్పాలి. మరిచిపోవుగా?"

"మరిచిపోన్లే. పో, బస్సు కదుల్తంది."

నా కుట్టు దొరకలేదన్నందుకు, దేవుడు నన్ను క్షమించాలి, నేను లోపల మురిసిపోయాను.

చిల్లకల్లు నాకు గంట ప్రయాణం. రేపు వెళదామనుకున్నాను. దసరా బట్టలు మీదపడ్డాయి. దీపావళి అయ్యాక అనుకున్నాను. తర్వాత క్రిస్మస్ బట్టలు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఏమిటో అప్పటికి నాకు తెలియదు. ప్రేమదాసు ఆ కోటును గోడకు మేకు కొట్టి తగిలించాడనీ, దుమ్ము పడకుండా పైన తెల్లగుడ్డ కప్పాడనీ వచ్చేపోయేవాళ్లు చెబితే విని ఊరుకున్నాను.

డిసెంబరులో కబురు వచ్చింది. జీవరత్నం లేడు. ఆ వెనకే వాడి తోటివాడొకడు రాసిన ఉత్తరం వచ్చింది. పల్లెలో బడి పంతులు అది చదివినప్పుడు నేను అక్కడే ఉన్నాను. తమను ఒంటిమీది నూలుబట్టలతోనే కొండ ఎక్కించారనీ, వెనక్కి తిరిగాక మంచులో రెండు రోజులు నడిచామనీ రాశాడు. ఎవరి దగ్గర ఏ ఉన్ని గుడ్డ ఉంటే అది చుట్టుకున్నారట. మూడో రోజు పొద్దున లేపితే జీవరత్నం లేవలేదట. ఒంటిమీద గాయమేమీ లేదని కూడా రాశాడు, పాపం, తల్లిదండ్రులకు ఊరటగా ఉంటుందని.

ప్రేమదాసు తల తిప్పి గోడ మీది కోటు వంక చూశాడు.

"మరి అంత చలికి పోతా ఉన్ని కోటు ఇంటో పెట్టి ఎందుకెల్లాడు?" అన్నాడు.

ఆదెమ్మ నేలవంకే చూస్తూ కూర్చుంది. జవాబు తెలిసినవాణ్ని నేనొక్కణ్నే అనుకుని, నేనూ నేలవంక చూశాను. ఆ తర్వాత ఎప్పుడు ఎవరు పలకరించినా ప్రేమదాసు అదే అడిగేవాడు. బస్సులో అడిగేవాడు, గుడి మెట్ల మీద అడిగేవాడు.

ఆ కోటుంటే బతికేవాడా? నాకు తెలియదు. పరేడు కోటు ఒక్కటీ మనిషిని మంచుకొండ దింపదని నాకు నేనే వెయ్యిసార్లు చెప్పుకున్నాను. వెయ్యిసార్లూ నమ్మలేదు.

ఉత్తరం విన్న మర్నాడే వాడు మొదటిసారి వచ్చాడు. మిషను తొక్కుతుంటే గుమ్మంలో వెలుతురు తగ్గింది. తలెత్తాను. నూలు చొక్కాతో నిలబడి ఉన్నాడు. ఏమీ అనలేదు. కుడిచెయ్యి చాపాడు, మోచెయ్యి మడిచాడు, మళ్లీ చాపాడు, నేను ఆ రోజు చెప్పిన వరసలోనే. మిషను సూది నా వేలిలో గుచ్చుకుంది. చూసేసరికి గుమ్మంలో ఎండ పడుతోంది. అప్పటి నుంచి రోజూ అంతే.

ఇంతలో సర్కారు కాగితం వచ్చింది, సిపాయి జీవరత్నం అని. ప్రేమదాసు దాన్ని తిప్పి పంపించాడు. "నా కొడుకు నాయక్. చచ్చినాక దించుతారా?" అని ఫోటో జతచేసి అర్జీ మీద అర్జీ పెట్టించాడు. జవాబు రాకపోయేకొద్దీ మనిషి మొండికెత్తిపోయాడు. అన్నం సరిగా తినడం మానేశాడని ఆదెమ్మ చెప్పింది.

అరవై మూడు మే నెలలో, యుద్ధంలో పోయినవాళ్ల తల్లిదండ్రులకు నందిగామ తాలూకా ఆఫీసు ఆవరణలో సన్మానం పెట్టారు. సైనిక బోర్డు నుంచి ఒక ఆఫీసరు వస్తాడన్నారు. ముందు రోజు మధ్యాహ్నం ప్రేమదాసు, ఆదెమ్మ నా షాపుకు వచ్చారు. ప్రేమదాసు తెల్లగుడ్డలో చుట్టిన కోటును చంటిపిల్లను దించినట్టు బల్ల మీద దించాడు.

"బావా, దీన్ని ఇస్త్రీ చెయ్యి. ఫీతీలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడు. ఆ ఆఫీసరు ముందు పెడతా. నువ్వూ రావాలి. మిలట్రీ దర్జీవి, ఇవి నాయక్ ఫీతీలేనని నువ్వు చెబితే కాదనలేరు. నాయక్ అని చదివితేనే నేను కుర్చీలోంచి లేస్తా. లేకపోతే ఆ కాగితం వాళ్ల మొహానే కొట్టొస్తా," అన్నాడు.

చిక్కిపోయాడు. దవడలు లోపలికి పోయాయి. రేపు ఆ ఆఫీసరు రిజిస్టరు తెరిచి, నలుగురిలో, వీరరాఘవయ్యగారి ఎదుట, నీ కొడుకు దొంగ ఫీతీలు తగిలించుకున్నాడంటే ఈ మనిషి ఏమవుతాడు? చెప్పకపోతే అది. చెబితే, ఆ కోటు ఇంట్లో ఎందుకు ఉండిపోయిందో చెప్పాలి. అది చెబితే, నీ గొప్పే నీ కొడుక్కి చలికోటు లేకుండా చేసిందని చెప్పినట్టే. చాలాసేపు ఇస్త్రీపెట్టె పట్టుకుని నిలబడ్డాను. తర్వాత దాన్ని దించి సూది తీశాను.

"ఏం చేస్తన్నావ్?" అన్నాడు ప్రేమదాసు.

"విప్పుతున్నా బావా."

నా కుట్టు నాకే ఒక పట్టాన దొరకలేదు. కోటు చెయ్యి తిరగేసి, లోపలి నుంచి ఒక్కొక్క కుట్టూ వెతికి తెంపాను. ఫీతీలు ఊడివచ్చాయి.

"ఇక్కడ చూడు. వేసుకు తిరిగిన ఫీతీలైతే చుట్టూ గుడ్డ వెలిసి, కింద గుడ్డ ముదురుగా ఉండాలి. ఇక్కడంతా ఒకటే రంగు. ఇవి పటాలంలో వేసినవి కాదు. నేను వేశా. వాడు నాయక్ కాలా బావా."

ప్రేమదాసు వంగి ఆ చోటును వేలితో తడిమాడు. మళ్లీ మళ్లీ తడిమాడు. వెనక బెంచీ మీద ఆదెమ్మ కదల్లేదు.

"ఎవరు వెయ్యమన్నారు?"

"ఎవరూ అన్లా. ఫోటోలో దర్జాగా ఉంటుందని నేనే అన్నా. వాడు వద్దంటే తిట్టి మరీ కుట్టా."

అతను తలెత్తి నా కళ్లలోకి చూశాడు. "నేను ముందే ఊళ్లో నాయక్ అని చెప్పేశా. అందుకని కాదుగా?" అన్నాడు. ఆ గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"కాదు. నీ మాటే ఎత్తలా వాడు."

"కోటు?"

"నేనే ఉంచి పొమ్మన్నా. నడుం దగ్గర వదులుంది, సరిచేసి పంపుతానన్నా. పంపలా."

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. "నా బిడ్డని చలికి చంపింది నువ్వా ఏసుపాదం," అన్నాడు మెల్లగా. బావా అనలేదు. కోటును తెల్లగుడ్డలో చుట్టుకుని బయటికి నడిచాడు. ఆదెమ్మ అతని వెనకే వెళ్లింది.

మర్నాడు తాలూకా ఆఫీసు గోడ పక్కన, జనం వెనక నిలబడ్డాను. ముందు వరసలో పెద్దలకు కుర్చీలు వేశారు. వీరరాఘవయ్యగారు వచ్చారు. "సిపాయి జీవరత్నం తండ్రి," అని పిలిచారు. ప్రేమదాసు లేచాడు. చేతి మీద మడిచి వేసుకున్న కోటుకు ఏ గుర్తూ లేదు. కాగితం పుచ్చుకుని తిరిగి వస్తూ వీరరాఘవయ్యగారి ముందు ఆగాడు.

"మావాడు నాయక్ కాదండి. సిపాయే. తెలీక చెప్పా," అన్నాడు.

ఆయన మంచి మనిషే. "దానికేముందిరా, అంతకన్నా పెద్దవాడయ్యాడు. ఇట్రా, కూర్చో," అని పక్క కుర్చీ చూపించారు. ప్రేమదాసు నమస్కారం పెట్టి, వచ్చి జనంలో నేల మీద కూర్చున్నాడు. ఏ పని జరగకూడదని జీవరత్నం నా కాళ్లావేళ్లా పడ్డాడో అదే నా కళ్లముందు జరిగింది. నాకు ఏడుపు ఆగలేదు.

ఫీతీలు విప్పేశాను కాబట్టి వాడు ఇక రాడనుకున్నాను. అడిగిన పని అయిపోయింది కదా. ఆ రోజు మూడింటికి మళ్లీ వచ్చాడు. చెయ్యి చాపాడు. నా వైపు చూసిన చూపులో ఏ మార్పూ లేదు.

పది రోజుల తర్వాత ఆదెమ్మ ఒక్కతే వచ్చింది. మంచినీళ్లిస్తే తాగి, బెంచీ మీద కూర్చుంది.

"మీ బావ నీ పేరెత్తితే ఉమ్మేస్తన్నాడన్నా," అంది.

"తెలుసమ్మా."

"అన్నం తింటన్నాడు. తిట్టుకుంటానే తింటన్నాడు. కోటెందుకు వదిలేశాడని మాత్రం ఇంక అడగట్లా." గ్లాసు చేతిలో తిప్పుతూ అంది. "నువ్వు చెప్పినదాంట్లో సగం అబద్ధం."

నేను మిషను మీది గుడ్డ సర్దాను.

"బస్సెక్కే రోజు తెల్లారగట్ట వాడు బ్లేడు పట్టుకుని కూర్చుంటే చూశా. అప్పుడే అంతా చెప్పాడు నాకు. మావయ్యకి చెప్తా, మావయ్య రాకపోతే నువ్వన్నా ఎట్టోగట్టా విప్పి పంపమ్మా అన్నాడు. నీ కుట్టు నాకు దొరకలా. దొరికినా విప్పేదాన్ని కాదేమో. మీ బావ రోజూ పొద్దున్నే ఆ ఫీతీల వంక చూసుకుని తలపాగా చుట్టుకునేవాడు. ఇంకో నాల్రోజులు చూసుకోనీలే అనుకున్నా."

ఆమె ఏడవలేదు. చెంగుతో గ్లాసు అడుగున తడి తుడిచి బల్ల మీద పెట్టింది.

"నువ్వెత్తుకున్నది దించమాకన్నా. ఆయన మొయ్యలేడు."

"దించనమ్మా."

లేచి గుమ్మం దాకా వెళ్లింది. అక్కడ ఆగి, బయట ఎండ వంక చూస్తూ అడిగింది.

"నీ దగ్గరికి ఏ ఏళకొస్తాడు?"

నేను ఈ సంగతి లోకంలో ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు.

"మూడింటికి," అన్నాను. "కుడిచెయ్యి చాపుతాడు. విప్పేసినా చాపుతానే ఉన్నాడమ్మా. ఇంకా ఏం చెయ్యమంటాడో తెలీట్లేదు."

"చెయ్యి చాపేది విప్పమని కాదన్నా," అంది ఆదెమ్మ. "నా దగ్గర నోరు తెరిచి అడుగుతాడు. కోటు తొడగమంటాడు."